కేంద్రకానికి మైటోకాండ్రియా పెట్టుకొనే అర్జీ

వృక్షశాస్త్రం చదివే విద్యార్థిని ఎవరినైనా "మైటోకాండ్రియా అనగానేమి?" అని ప్రశ్నిస్తే తడుముకోకుండా వచ్చే సమాధానం ఒక్కటే: "కణం యొక్క శక్త్యాగారం." రెండు మార్కుల ప్రశ్నకు ఈ సమాధానం చాలును. 1957లో ఫిలిప్ సైకెవిట్జ్ అనే శాస్త్రజ్ఞుడు ఒక అమెరికన్ విజ్ఞాన పత్రికలో వ్రాసిన వ్యాసంతో ఈ మాట లోకమంతటా ప్రచారం పొందినది. మాట తప్పు కాదు, కాని అసంపూర్ణం. శక్త్యాగారమనగానే మన మనస్సులో మెదిలేది మీట నొక్కితే పనిచేసి, లేకుంటే ఊరకుండే ఒక యంత్రం. రికార్డు పుస్తకంలో మనం గీసే బొమ్మ కూడా ఈ భావాన్నే బలపరుస్తుంది. గుళిక ఆకారంలో ఒక మైటోకాండ్రియా, దానికి రెండు త్వచాలు, లోపలి త్వచానికి మడతలు, నాలుగు వైపులా బాణపు గుర్తులతో పేర్లు. దాని చుట్టూ కణం ఉండదు. కేంద్రకం అసలే ఉండదు. అది ఏ కణంలో ఉన్నదో, ఎవరితో దానికి సంబంధమున్నదో ఆ బొమ్మ చెప్పదు. ఆ సంబంధమే ఈ వ్యాసానికి విషయం.

కణంలోని ఈ సూక్ష్మ రేణువులను 1890లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆల్ట్‌మన్ వర్ణించి, ఇవి కణంలో నివసించే స్వతంత్ర జీవులవలె ఉన్నవని ఊహించినాడు. 1898లో బెండా వీటికి నేటి పేరు పెట్టినాడు. గ్రీకు భాషలో దారము, రేణువు అనే రెండు పదాల కలయిక అది. ఆల్ట్‌మన్ ఊహను ఆనాడు ఎవరూ లెక్కచేయలేదు. అయితే 1963లో మార్గిట్ నాస్, సిల్వన్ నాస్ అనే దంపతులు మైటోకాండ్రియాలలో డి.ఎన్.ఎ. పోగులను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూపించిన తరువాత, 1967లో లిన్ మార్గులిస్ ప్రకటించిన సిద్ధాంతం ఆ పాత ఊహకు కొత్త ప్రాణం పోసినది. ఒకానొక ప్రాచీన కాలంలో స్వేచ్ఛగా జీవించిన బాక్టీరియా మరొక కణంలో ప్రవేశించి, అక్కడనే స్థిరపడి, కాలక్రమాన మైటోకాండ్రియాగా మారినదని ఆ సిద్ధాంతం సారాంశం. నేడు దీనిని జీవశాస్త్రజ్ఞులందరూ అంగీకరిస్తున్నారు.

ఇల్లు మారినవారు సామాను కూడ మార్చుకొనడం సహజం. ఆ బాక్టీరియా జన్యువులలో అనేకం నశించినవి. మిగిలినవాటిలో అత్యధిక భాగం కేంద్రకానికి తరలిపోయినది. ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కను నేటి శాస్త్రజ్ఞులు ప్రయోగాలకు విరివిగా వాడుతారు. 1997లో దాని మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. పూర్తిగా చదివినప్పుడు 366,924 అక్షరాల పొడవున్న ఆ గ్రంథంలో గుర్తించిన జన్యువులు 57 మాత్రమే. మైటోకాండ్రియాలో పనిచేసే ప్రోటీన్లా, వేయికి మించినవి! తక్కినవన్నీ కేంద్రకంలోని జన్యువుల ఆజ్ఞ ప్రకారం కణద్రవ్యంలో తయారై, బయటినుండి లోనికి దిగుమతి కావలసిందే. అంతకంటె విచిత్రమేమనగా, శ్వాసక్రియలో చివరి మెట్టయిన సైటోక్రోమ్ ఆక్సిడేజ్ వంటి ఎన్‌జైములో కొన్ని భాగాలు మైటోకాండ్రియా స్వయంగా తయారుచేసుకొన్నవి, మరికొన్ని కేంద్రకం పంపినవి. తలుపు ఒకరు, చౌకటి మరొకరు చేసినట్లు. కొలతలు కుదరాలంటే ఇద్దరి మధ్య మాట నడవక తప్పదు.

పూర్వం హైదరాబాదు సంస్థానంలో రాజధాని నుండి జిల్లాలకు ఫర్మానాలు వెళ్ళేవి. జిల్లాలనుండి, తాలూకాలనుండి అర్జీలు వచ్చేవి. కేంద్రకం నుండి మైటోకాండ్రియాకు పోయే ఆజ్ఞల మార్గాన్ని పురోగామి మార్గమని, మైటోకాండ్రియా నుండి కేంద్రకానికి వచ్చే సంకేతాల మార్గాన్ని తిరోగామి మార్గమని శాస్త్రజ్ఞులు అంటారు. మొదటిదాన్ని గురించి ఎంతో కాలంగా తెలుసు. రెండవదే చాలాకాలం మరుగున ఉన్నది. 1987లో అమెరికాలోని డాలస్ నగరంలో రోనాల్డ్ బ్యుటో బృందం, ఈస్ట్ కణాలలో మైటోకాండ్రియా స్థితిని బట్టి కేంద్రక జన్యువుల పని మారుతున్నదని నిరూపించినది. ఆ తరువాత ఈస్ట్‌లో ఈ వార్తను మోసే ప్రోటీన్లు కూడ దొరికినవి. మొక్కలలో వాటికోసం వెదికినవారికి నిరాశే మిగిలినది. మొక్క తన మార్గాన్ని తానే వేసుకొన్నది.

మొక్కలలో ఈ కథ ఒక పుష్పం వేడితో మొదలవుతుంది. కంద, చేమ జాతుల కుటుంబంలోని కొన్ని మొక్కల పుష్పగుచ్ఛం వికసించే వేళ తాకితే వెచ్చగా ఉంటుందని 1778లోనే లామార్క్ వ్రాసినాడు. సారోమాటం అనే మొక్కలో ఈ వేడిని ప్రేరేపించే పదార్థం సాలిసిలిక్ ఆమ్లమని 1987లో రాస్కిన్, మీయూస్ మొదలైనవారు కనుగొన్నారు. దానిని పూయగా ఆ పుష్పభాగపు ముక్కల ఉష్ణోగ్రత 12 డిగ్రీల సెంటిగ్రేడు వరకు పెరిగినది. ఈ వేడికి మూలం మైటోకాండ్రియాలోని ఒక ప్రత్యేక ఎన్‌జైము, దాని పేరు ప్రత్యామ్నాయ ఆక్సిడేజ్.

దాని పని అర్థం కావడానికి శ్వాసక్రియను ఒకసారి జ్ఞాపకం చేసుకొందాం. ఆహారం నుండి వచ్చిన ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపలి త్వచంలోని ప్రోటీన్ సముదాయాల గుండా మెట్టు మెట్టుగా దిగి చివరకు ఆక్సిజన్‌ను చేరి నీరుగా మారుతాయి. ఈ దిగుబడిలో వెలువడే శక్తితోనే ఎ.టి.పి. తయారవుతుంది. సయనైడు నాల్గవ సముదాయాన్ని, ఆంటిమైసిన్ అనే పదార్థం మూడవ సముదాయాన్ని అడ్డగిస్తాయి. దారి మూసుకుపోతే జంతుకణం మరణిస్తుంది. మొక్క మాత్రం వెంటనే చావదు. ఎలక్ట్రాన్లు మూడవ మెట్టుకు చేరకముందే ప్రత్యామ్నాయ ఆక్సిడేజ్ వాటిని అందుకొని నేరుగా ఆక్సిజన్‌కు అప్పగిస్తుంది. ఈ అడ్డదారిలో ఎ.టి.పి. తక్కువ, వేడి ఎక్కువ. చూడడానికి ఇది దుబారా వలె కనిపిస్తుంది. కాని వరద కాలంలో చెరువుకు అలుగు ఎంత అవసరమో మొక్కకు ఇది అంత అవసరం. అలుగు లేకపోతే కట్ట తెగుతుంది. ఇక్కడ నిలిచిపోయిన ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌తో అడ్డదిడ్డంగా కలిసి, కణాన్ని కాల్చివేసే తీవ్ర చర్యాశీల పదార్థాలను పుట్టిస్తాయి.

1991లో రోడ్స్, మెకింటాష్ సారోమాటం మొక్కనుండి ఈ ఎన్‌జైము జన్యు ప్రతిని వేరుచేసినారు. ఆ జన్యువు ఉన్నది మైటోకాండ్రియాలో కాదు, కేంద్రకంలో. ఇక్కడ పాఠకుడు ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. ఆ దశకంలోనే మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో మెకింటాష్, వాన్లర్‌బర్గ్ పొగాకు కణాలకు ఆంటిమైసిన్ ఇచ్చి చూచినారు. విషం తగిలినది మైటోకాండ్రియా లోపలి త్వచానికి. మేల్కొన్నది కేంద్రకంలోని ప్రత్యామ్నాయ ఆక్సిడేజ్ జన్యువు. అనగా ఎవరో వెళ్ళి వార్త చెప్పినారన్నమాట! అర్జీ అందినదనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. అర్జీ తీసుకుపోయినవాడెవడు? అది ఇంకా తేలవలసి ఉన్నది.

దానిని తేల్చిన ప్రయోగం అందమైనది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయానికి చెందిన బృందం అరబిడాప్సిస్‌లో ప్రత్యామ్నాయ ఆక్సిడేజ్ జన్యువు మీటను మిణుగురు పురుగు వెలుగునిచ్చే జన్యువుకు తగిలించినది. ఇక ఆ మొక్కలకు ఆంటిమైసిన్ చల్లితే, అర్జీ కేంద్రకానికి అందగానే మొక్క మసకగా వెలుగుతుంది. తరువాత ఆ మొక్కల విత్తనాలను రసాయనంతో ఉత్పరివర్తన చెందించి, వేలాది నారు మొక్కలను పెంచి, చీకటిలో పరీక్షించినారు. వెలుగవలసిన సమయంలో వెలుగనివి కావాలి. అలా వెలుగని మొక్కలో వార్తను మోసే గొలుసులో ఏదో ఒక లంకె తెగినదని అర్థం. శాస్త్రంలో పనిచేయని మొక్కే ఎక్కువ విలువైనదని మన విద్యార్థులు గ్రహించాలి; ప్రయోగం "చెడిపోయినది" అని మనం పారవేసే వాటిలో ఏమేమి ఉన్నవో ఎవరికి తెలుసు?

అలా దొరికినవాటిలో ఒకటి కేంద్రకంలోనే ఉండే ఒక కైనేజ్ ఎన్‌జైము. మరొకటి ఏనాక్-017 అనే ప్రోటీన్. 2013లో ప్రకటించిన ఈ ఫలితం చాలామందిని ఆశ్చర్యపరచినది. ఎందుకనగా ఏనాక్-017 మైటోకాండ్రియాలో లేదు, మామూలు వేళల్లో కేంద్రకంలోనూ లేదు. అంతర్జీవద్రవ్యజాలం త్వచానికి తన తోకతో కట్టివేయబడి ఉన్నది. మైటోకాండ్రియాకు ఆపద కలిగినప్పుడు ప్రోటీన్లను కోసే ఎన్‌జైము ఒకటి ఆ తోకను తెంచుతుంది. తెగిన తల భాగం కేంద్రకంలోకి వెళ్ళి, డి.ఎన్.ఎ.పై తనకు తగిన చోట కూర్చొని, ప్రత్యామ్నాయ ఆక్సిడేజ్‌తోబాటు మరెన్నో రక్షక జన్యువులను మేల్కొలుపుతుంది. గుంజకు కట్టిన గుర్రాన్ని త్రాడు కోసి విడిచినట్లు. కొత్త ప్రోటీన్ తయారయ్యేవరకు ఆగే పనిలేదు. వార్తాహరుడు ముందే సిద్ధంగా ఉన్నాడు. అదే పత్రిక అదే సంచికలో బెల్జియంలోని గెంట్ నగర శాస్త్రజ్ఞులు దీని దాయాది అయిన ఏనాక్-013 గురించి ఇటువంటి సంగతినే ప్రకటించినారు. ఈ ప్రోటీన్లు కూర్చొనే డి.ఎన్.ఎ. అక్షరాల వరుస ఆపదలో మేల్కొనే అనేక జన్యువుల ముందు ఒకే తీరున కనిపించినది. దానికి వారు "మైటోకాండ్రియా వైకల్య చిహ్నం" అనే అర్థం వచ్చే పేరు పెట్టినారు.

ఇంతవరకు బాగున్నది. అసలు కష్టం ఇప్పుడే మొదలవుతుంది. మైటోకాండ్రియాకూ అంతర్జీవద్రవ్యజాలానికీ మధ్య వార్త ఏ రూపంలో నడుస్తున్నది? మొదట అందరూ అనుమానించినది హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను. నిలిచిపోయిన ఎలక్ట్రాన్లవలన పుట్టే సూపర్ ఆక్సైడ్ త్వరలోనే హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుతుంది. అది త్వచాలను దాటి పోగలదు. మొక్కకు దానిని బయటినుండి ఇచ్చినా ప్రత్యామ్నాయ ఆక్సిడేజ్ జన్యువు మేల్కొంటుంది. ఏనాక్-017 లేని మొక్కలో ఆ స్పందన చాలవరకు పోతుంది. కనుక సాక్ష్యం బలమైనదే. కాని ఒక చిక్కు. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక్క మైటోకాండ్రియాలోనే పుట్టదు. పగటివేళ హరితరేణువులలో, పెరాక్సిజోములలో అంతకంటె ఎక్కువగా పుడుతుంది. ఊరిలో నాలుగు చోట్ల పొగ లేస్తుంటే ఏది వంటపొయ్యి, ఏది గడ్డివాము అంటుకొన్న మంట అని దూరంనుండి చూచేవాడు ఎలా తెలుసుకొంటాడు? 2010లో మోలర్, స్వీట్లవ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్ననే లేవనెత్తి, అర్జీపై సంతకం ఉండాలి కదా అన్నట్లు, మైటోకాండ్రియాలో ఆక్సీకరణం చెంది విరిగిన ప్రోటీన్ తునకలే ఆ సంతకం కావచ్చునని సూచించినారు. ఏ ప్రోటీన్ విరిగినదో తునకను బట్టి తెలుస్తుంది కాబట్టి ఊహ సమంజసమే. అంతకు ముందే, 1996లో, పొగాకు కణాలలో సిట్రిక్ ఆమ్లం పెరిగినా ఈ జన్యువు మేల్కొంటుందని తేలినది. కాల్షియం అయానులు మరొక మార్గం. నా అభిప్రాయంలో ఒక్క దూతను వెదకడమే పొరపాటు. మంట వార్త పొగతోనూ వస్తుంది, వాసనతోనూ వస్తుంది, పరుగెత్తుకొచ్చిన పిల్లవాడి కేకతోనూ వస్తుంది.

వార్త తెచ్చినవానికి అదుపు కూడ ఉండాలి. ఫిన్లండు రాజధాని హెల్సింకీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2019లో ఆర్.సి.డి.-1 అనే కేంద్రక ప్రోటీన్ ఈ ఏనాక్ ప్రోటీన్లను పట్టుకొని అణచి ఉంచుతుందని చూపినారు. అది లేని మొక్కలలో ఆపద లేకున్నా ప్రత్యామ్నాయ ఆక్సిడేజ్ ఎక్కువగా తయారవుతుంది. హరితరేణువుల పని కూడ మారుతుంది. అదే ఏడు మరొక సంగతి వెల్లడైనది. ఏనాక్-017ను అవసరానికి మించి తయారుచేసేటట్లు మార్చిన మొక్కలు గిడసబారి, ముందుగానే ముసలివైపోయినవి. 2020లో మునక ప్రయోగాలు చేసినవారు దీని మరో ముఖం చూపినారు: ఏనాక్-017 లేని మొక్కలు నీటిలో మునిగితే సాధారణ మొక్కలకంటె సులభంగా చనిపోతాయి. గోదావరి పొంగినప్పుడు రోజుల తరబడి మునిగే వరిచేల సంగతి తెలిసిన మనకు ఈ ఫలితం ప్రాముఖ్యం వేరుగా చెప్పనక్కరలేదు. కాని అరబిడాప్సిస్‌లో చూచినది వరిలో అట్లే జరుగునని అనుకోరాదు. ఆ ప్రోటీన్‌ను ఊరక పెంచితే మేలు కలుగునని అసలే అనుకోరాదు. ఎప్పుడూ అర్జీలే చదివే కచేరీలో మరే పనీ సాగదు.

ఈ సంభాషణ చెడినప్పుడు ఏమవుతుంది? మన రైతు ఇంట ఈ ప్రశ్నకు సమాధానం చాలాకాలంగా ఉన్నది. పేరు మాత్రమే వేరు. సంకర విత్తనం. సంకర విత్తనం తయారుచేయాలంటే ఆడ వరుసలోని మొక్క తన పుప్పొడితో తాను ఫలదీకరణం చెందకూడదు. జొన్న, వరి వంటి పైర్లలో లక్షలాది పూలనుండి కేసరాలను చేతితో తీసివేయడం మానవులకు సాధ్యం కాదు. అందువలన పుప్పొడి సహజంగానే పనికిరాకుండా పోయిన మొక్కలను వాడుతారు. దీనిని కణద్రవ్య పురుషవంధ్యత్వం అంటారు. తండ్రినుండి గాక తల్లినుండి మాత్రమే సంక్రమిస్తుంది, కారణం మైటోకాండ్రియాలోని ఒక వికృత జన్యువు. దానిని అణచే జన్యువులు కేంద్రకంలో ఉంటాయి. మగ వరుస మొక్కలనుండి అవి వచ్చి సంకర సంతానానికి పుప్పొడి తిరిగి ప్రసాదిస్తాయి. 1964లో విడుదలైన మన దేశపు మొదటి సంకర జొన్న సి.ఎస్.హెచ్.-1 ఈ పద్ధతిలో పుట్టినదే.

ఈ పద్ధతిలోని ప్రమాదాన్ని అమెరికా రైతులు 1970లో చవిచూచినారు. అప్పటికి అక్కడి మొక్కజొన్నలో సుమారు 85 శాతం టెక్సాస్ కణద్రవ్యం అనే ఒకే రకం మైటోకాండ్రియాను మోస్తున్నది. ఆ ఏడు ఆకుమాడు తెగులు శిలీంధ్రంలో ఒక కొత్త తెగ వ్యాపించి, దేశపు పంటలో సుమారు 15 శాతాన్ని నాశనం చేసినది. తరువాత 1986లో దాని కారణం బయటపడినది. వేర్వేరు జన్యువుల ముక్కలు అతుక్కొని మైటోకాండ్రియాలో తనంతట తాను పుట్టిన ఒక జన్యువు తయారుచేసే చిన్న ప్రోటీన్ పుప్పొడిని చంపుతున్నది. శిలీంధ్ర విషం తగిలితే అదే ప్రోటీన్ త్వచానికి రంధ్రాలు పెడుతున్నది. కేంద్రకాలు ఎన్ని రకాలైనా మైటోకాండ్రియా ఒక్కటే కావడం వలన పొలమంతా ఒకేసారి పడిపోయినది. రకం చూచి విత్తనం కొనే రైతు తాను కొంటున్న మైటోకాండ్రియా ఏదో ఎరుగడు. ఆ సంగతి సంచిమీద వ్రాసి ఉండదు.

మైటోకాండ్రియా చెడితే పుప్పొడే ఎందుకు చెడాలి, ఆకు, వేరు ఎందుకు చెడవు? 1978లో వార్మ్‌కే, లీ మొక్కజొన్న పరాగకోశాన్ని పరీక్షించి, పుప్పొడికి ఆహారమందించే టపెటం కణాలలో మైటోకాండ్రియా సంఖ్య 40 రెట్లు పెరుగుతుందని లెక్కించినారు. అంత భారం మోసే చోటే బలహీనత బయటపడుతుంది. ఇది ఒక కారణం. సంకేతం రెండవ కారణం. కొన్ని క్యారట్ రకాలలో మైటోకాండ్రియా మారితే కేసరాలు కేసరాలుగా ఏర్పడక ఆకర్షక పత్రాలుగా మారిపోతాయి. శక్తి చాలకపోతే అవయవం వాడిపోవాలి గాని వేరొక అవయవంగా మారదు గదా! పూవు అవయవాలను నిర్ణయించే కేంద్రక జన్యువులు తప్పు సమాచారం అందుకొన్నవన్నమాట.

వరిలో దీనికి మరింత స్పష్టమైన ఉదాహరణ ఉన్నది. చైనా అడవి వరినుండి వచ్చిన ఒక రకపు కణద్రవ్యంలో పుప్పొడి చూపునకు నిండుగా, ఆరోగ్యంగా ఉంటుంది, కాని మొలకెత్తదు. 2009లో జపానులోని తోహోకు విశ్వవిద్యాలయానికి చెందిన ఫుజి, తొరియామా దాని కారణాన్ని కేంద్రకంలోని ఒక జన్యువులో కనుగొన్నారు. మైటోకాండ్రియా పంపే సంకేతం వలన ఆ జన్యువు పని హెచ్చుతున్నది. దానిని తగ్గిస్తే పుప్పొడి తిరిగి పనిచేస్తున్నది. ఆ జన్యువుకు వారు పెట్టిన పేరులోనే "తిరోగామి నియంత్రిత పురుషవంధ్యత్వం" అనే మాటలు ఉన్నవి. ఇక్కడ అర్జీలోనే దోషమున్నది. కేంద్రకం దానిని విధేయతతో అమలుపరచినది. సంకర వరిలో విరివిగా వాడే మరొక కణద్రవ్యం 1970లో చైనాలోని హైనాన్ ద్వీపంలో దొరికిన ఒక అడవి వరి మొక్కది. 2013లో దానిలోని వికృత ప్రోటీన్, కేంద్రకం పంపిన ఒక ప్రోటీన్‌ను పట్టుకొని టపెటం కణాలను అకాలంలో చంపుతున్నదని కాంటన్ శాస్త్రజ్ఞులు నిరూపించినారు.

కరీంనగర్ ప్రాంతంలో, ముఖ్యంగా హుజూరాబాద్, జమ్మికుంట వైపు, సంకర వరి విత్తనం పండించే పొలాలను చూచినవారికి ఆ దృశ్యం జ్ఞాపకముండును. ఆడ వరుసలు కొన్ని, మధ్య మగ వరుసలు. పూత వేళ ప్రొద్దెక్కిన తరువాత ఇద్దరు మనుషులు చెరొక గట్టున నిలిచి పైరు మీదుగా త్రాడు లాగుతూ మగ మొక్కల పుప్పొడిని రాలుస్తారు. మన విద్యార్థులు అటువంటి పొలానికి పోయినప్పుడు రెండు వరుసలనుండీ చెరొక వెన్నును రైతు అనుమతితో తెచ్చుకొని, ప్రయోగశాలలో పరాగకోశాలను గాజుపలకపై చిదిపి, అయొడిన్, పొటాషియం అయొడైడ్ ద్రావణం ఒక చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూడవచ్చును. మగ మొక్క పుప్పొడి గుండ్రంగా, పిండిపదార్థంతో నిండి నల్లగా కనిపిస్తుంది. ఆడ మొక్క పుప్పొడి ముడుచుకొని, రంగు పట్టక, పాలిపోయి ఉంటుంది. పాలిపోయిన ఆ రేణువుల కారణం కేంద్రకంలో వెదికితే దొరకదు; అది తల్లి మొక్క ఇచ్చిన మైటోకాండ్రియాలో ఉన్నది.